మూడో సిలిండర్ జ్వరం

మా మావయ్య కారు షెడ్డులో ఒక నీలం రేకు డబ్బా ఉంది. అమెరికాలో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఆ బిస్కెట్ల డబ్బా కనిపిస్తే లోపల సూదులూ దారపుండలూ ఉంటాయని మూత తీయకుండానే చెప్పేయొచ్చు. ఈ డబ్బాలో మాత్రం పాత చీర పేలికలో చుట్టిన ఎగ్జాస్ట్ వాల్వు ఉంటుంది. రెండు ముక్కలు. కాడ ఒకటి, తల ఒకటి. కొత్తగా ఉన్నప్పుడు పుట్టగొడుగులా ఉండే వస్తువు. ఇప్పుడా గొడుగు అంచులు చితికి, ఒక పక్క మడతపడి, ఎవరో రోట్లో వేసి దంచినట్టుంది. దంచింది పిస్టనే.

"ఇది మూడో సిలిండర్‌ది రా," అంటాడు మావయ్య. ఎవరికి చూపించినా అదే మాట. ఒకటీ, రెండూ, నాలుగూ బాగానే ఉన్నాయట. అవెప్పుడూ బాగానే ఉంటాయట.

మావయ్యది తెనాలి దగ్గర పల్లె. 1972లో చదువుకని ఓక్లహోమా వెళ్లాడు. హోటల్లో గిన్నెలు కడిగి కూడబెట్టిన డబ్బుతో కొన్న మొదటి కారు 1967 నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్. బెల్‌బాటమ్ వేసుకుని, ఒక కాలు బంపరు మీద పెట్టి దిగిన ఫొటో మా అమ్మమ్మ ఇంట్లో దేవుడి పటాల పక్కన ఉండేది. అమ్మమ్మకి ఒకటే బెంగ, ఈ కారుకి ముందర ఇంజనే లేదే, ఎలా నడుస్తుందని. ఇంజను వెనకుంది. నీళ్లు పోసే రేడియేటరు అసలు ఎక్కడా లేదు.

ఉద్యోగం నుంచి దిగిపోయాక మావయ్య మళ్లీ అదే సంవత్సరం బండి వెతికి కొన్నాడు. అత్తయ్య దాన్ని "మీ మావయ్య మొదటి పెళ్లాం" అంటుంది. నేను డాలస్‌లో వాళ్లింటికి వెళ్లిన వేసవిలో ఆయన ఒక పని పెట్టుకుని కూర్చున్నాడు. మూడో సిలిండర్ హెడ్ ఎంత కాగుతోందో చూపించే సెన్సర్ బిగించడం. చెయ్యి ఆయనది, టార్చి నాది.

గాలితో చల్లబడే ఇంజను మనకి కొత్త కాదు. బుల్లెట్ మోటారు సైకిల్ సిలిండర్ చుట్టూ పళ్లెం మీద పళ్లెం పేర్చినట్టు ఉండే ఫిన్స్ చూడనివాళ్లుండరు. వేడిని పరిచి గాలికి ఆరబెట్టడానికే ఆ పళ్లేలు. బైకు కదులుతుంటే గాలి దానంతటదే వచ్చి తగులుతుంది. బీటిల్లో ఇంజను డిక్కీలో దాక్కుని ఉంటుంది కనక గాలిని పిలవాలి. డైనమో ఇరుసుకే ఒక ఫ్యాన్ తగిలించి, దాన్ని ఒక బెల్టుతో తిప్పి, రేకు గూడులోంచి గాలిని కిందికి తోస్తారు. ఆ గాలి నాలుగు సిలిండర్ల మీదుగా జారి కిందకి పోతుంది. పంపు లేదు, పైపు లేదు, కారే నీళ్లు లేవు, చలికి గడ్డకట్టేదీ లేదు. అంత సులువైన యంత్రం.

అంత సులువులోనే ఒక అన్యాయం జరిగింది.

నూనెని చల్లబరిచే చిన్న కూలరొకటి ఉంటుంది. దాన్ని తెచ్చి ఆ రేకు గూడు లోపలే, ఎడమ పక్క, సరిగ్గా మూడో సిలిండర్ నెత్తిన నిలబెట్టారు. ఫ్యాన్ తోసిన గాలి ముందు ఆ కూలర్ సందుల్లోంచి దూరాలి, దాని వేడి మోసుకోవాలి, అప్పుడు మూడోవాడి దగ్గరికి రావాలి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేది ఫ్యాన్. దానికి తనవాడూ పరవాడూ లేడు. విస్తరి ముందర అడ్డంగా ఇంకొకణ్ణి కూర్చోబెడితే, ఆ కూర్చున్నవాడి ఎంగిలే మూడోవాడికి దక్కింది. చల్లగాలి కాదు, వాడి వెచ్చబెట్టిన గాలి.

కంపెనీకి ఈ సంగతి తెలియక కాదు. చాలా ఏళ్లపాటు వాళ్ల డిస్ట్రిబ్యూటర్లలో మూడో సిలిండర్‌కి మాత్రం నిప్పురవ్వ కొన్ని డిగ్రీలు ఆలస్యంగా పడేలా లోపలి క్యామ్‌ని చెక్కారు. మిగతా మూడింటికి ఒక లెక్క, దీనికొక లెక్క. కాస్త ఆలస్యంగా మండితే కాస్త తక్కువ కాగుతుందని ఆశ. రోగం తెలిసి, మందివ్వకుండా, పథ్యం చెప్పడంలాంటిది. 1971 మోడల్ ఇంజన్లకి వచ్చేసరికి కూలర్‌ని గూడు వెనక్కి జరిపి, దానికి వేరే దారి చేసి, ఫ్యాన్‌ని వెడల్పు చేశారు. కుక్కగూడులా పొడుచుకొచ్చిన ఆ రేకుని చూసి పనివాళ్లు దానికి ఆ పేరే పెట్టారు. అప్పటికి మూడోవాళ్లు ఎందరు పోయారో.

ఇంకో సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇంత కాగే ఇంజనుకి డ్రైవరు ముందర వేడి చూపించే ముల్లు లేదు. వేగం చూపించే మీటరు, పెట్రోలు చూపించే మీటరు, రెండు బొట్ల దీపాలు. ఒక దీపం నూనె ఒత్తిడి పడిపోతే వెలుగుతుంది, ఇంకొకటి డైనమో ఆగితే. ఫ్యాన్ డైనమో మీదే ఉంది కనక ఆ రెండో దీపం వెలిగిందంటే కరెంటు పోయిందని కాదు, గాలి పోయిందని అర్థం. వెంటనే రోడ్డు పక్కకి తీసి బండి ఆపాలి. తెలియనివాడు, బ్యాటరీ మీద ఊరు చేరుకుందాంలే అని తోలుకుంటూ పోతాడు. ఊరు వస్తుంది, ఇంజను రాదు.

మావయ్య అలా పోగొట్టుకోలేదు. ఆయన దీపాలు రెండూ ఆరిపోయే ఉన్నాయి.

అది 1974 వేసవి. సెలవులకి స్నేహితులు ముగ్గుర్ని ఎక్కించుకుని, డిక్కీలో కాదు, ముందర ఇంజనుండాల్సిన చోట సామాను కుక్కి, పడమటి దారి పట్టాడు. అరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్‌కి ఎక్కే దారి గంటలకొద్దీ ఎక్కుతూనే ఉంటుంది. నిటారు కొండైతే గేరు తగ్గించి మెల్లగా పోయేవాడు. ఇది కంటికి ఆనని ఎక్కుడు. టాప్ గేరులో, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి, పాటలు పాడుకుంటూ పోయారు. ఆ ఊపిరాడని పరుగే ఈ ఇంజనుకి పరమశత్రువని ఆయనకి అప్పటికి తెలీదు.

ఇంకో తప్పు కూడా చేశాడు. ఆయన చెప్పమంటేనే రాస్తున్నాను. ఇంజను చుట్టూ, రేకుకీ బాడీకీ మధ్యన, ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. పైన చల్లటి గాలి, కింద వాడేసిన వేడిగాలి, మధ్యలో ఆ రబ్బరు గోడ. ఒకసారి ఇంజను దించి ఎక్కించినప్పుడు ఆ పట్టీ చిరిగింది. పారేశాడు. "రబ్బరు ముక్కేగా, దుమ్ము పడకుండా పెట్టుంటారనుకున్నా రా." గోడ లేకపోవడంతో కింద వదిలేసిన వేడిగాలే తిరిగి పైకొచ్చి ఫ్యాన్ నోట్లో పడింది. టాపెట్లు కూడా నెలల తరబడి సరిచూడలేదు. ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర సందు తగ్గితే అది తన పీట మీద పూర్తిగా ఆనదు. ఆనిన ఆ క్షణంలోనే దాని వేడి హెడ్‌లోకి దిగాలి. ఆనకపోతే ఎర్రగా కాగుతూనే ఉంటుంది.

"టక్‌మని ఒక చప్పుడు. తర్వాత డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు ఇంకో చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు."

ఊళ్లో ఒక ముసలి మెకానిక్కు హెడ్ విప్పి, పిస్టన్‌లో దిగబడిన వాల్వు తలని స్క్రూడ్రైవరుతో పెకలించి, కడిగి, ఆయన చేతిలో పెట్టాడట. ఇంజను బాగుచేయించే డబ్బు లేదు. బండి అక్కడే తుక్కు ధరకి వదిలేసి నలుగురూ బస్సెక్కారు. ఆ వాల్వు మాత్రం జేబులో వేసుకున్నాడు. దాన్ని చుట్టిన చీర పేలిక మా అమ్మమ్మది.

సరే, పని దగ్గరికి వద్దాం.

సెన్సర్ అంటే ఏదో పెద్ద వస్తువనుకున్నాను. రాగి ఉంగరం. పద్నాలుగు మిల్లీమీటర్ల స్పార్కు ప్లగ్గు మర చుట్టూ పట్టేంత. దాని ఒక పక్క చిన్న తోక, ఆ తోకలోంచి రెండు తీగలు. ప్లగ్గు కింద ఉండే వాషరు తీసేసి ఆ చోట ఈ ఉంగరం తొడిగి బిగిస్తే చాలు, హెడ్ వేడి దానికి తగులుతుంది. రెండు తీగలూ రెండు వేరువేరు లోహాలు. వేరువేరు లోహాల తీగలు రెండింటి కొసలు కలిపి, ఆ కలిసినచోట వేడి చేస్తే అతి చిన్న విద్యుత్తు పుడుతుందని 1821లోనే జర్మనీవాడు సీబెక్ చూశాడు. బ్యాటరీ అక్కర్లేదు, వేడే ముల్లుని కదిలిస్తుంది. ఇనుమూ, కాన్‌స్టాంటన్ అనే మిశ్రలోహమూ కలిపిన జతకి, రెండు కొసల మధ్య 200 డిగ్రీల తేడా ఉంటే పుట్టేది 10 మిల్లీవోల్టులకి కాస్త ఎక్కువ. గోడ గడియారంలో వేసే సెల్లులో నూరో వంతు కూడా ఉండదు. అంత నీరసమైన మాట ఇంజను దగ్గర బయల్దేరి కారు పొడవునా నడిచి డ్రైవరు దాకా రావాలి.

అందుకే ఆ తీగల్ని కత్తిరించకూడదు. పొడుగు ఎక్కువైందని కోసినా, తక్కువైందని మామూలు రాగి తీగ అతికినా లెక్క మారిపోతుంది. మిగిలిన తీగని చుట్ట చుట్టి సీటు కింద పెట్టుకోవాలి తప్ప కత్తెర పెట్టకూడదు. ఈ మాట మావయ్య నాకు మూడుసార్లు చెప్పాడు. నా చేతిలో కత్తెర లేదు, టార్చి ఉంది.

వెనక డిక్కీ తీసి చూస్తే నాలుగో ప్లగ్గు చేతికి దగ్గరలోనే ఉంటుంది. మూడోది దాని అవతల, లోపలికి, చీకట్లో. చూసి చేసే పని కాదు, తడిమి చేసే పని. మోచెయ్యి దాకా దూర్చి, తల పక్కకి తిప్పి, కళ్లు మూసుకుని తిప్పుతాడు మావయ్య. బావిలో పడ్డ చేదని పాతాళగరిగెతో వెతికేవాళ్ల మొహం అలాగే ఉండేది. ప్లగ్గు ఊడింది. చల్లారిన ఇంజను మీదే ఊడదీయాలి. వేడి మీద బలవంతం చేస్తే అల్యూమినియం మరలు ప్లగ్గుతోపాటు ఊడొస్తాయి.

అసలు తంటా తర్వాత వచ్చింది. ఈ హెడ్‌లో ప్లగ్గు కూర్చునే చోటు ఫిన్స్ మధ్యన చిన్న గుంట. ఉంగరం దిగుతుంది గానీ దాని తోక ఫిన్‌కి తగిలి వంకరగా కూర్చుంటుంది. వంకరగా కూర్చున్న ఉంగరం మీద ప్లగ్గు బిగిస్తే ఒక పక్క లీకవుతుంది, లేదా తోక తెగుతుంది. మావయ్య ఉంగరాన్ని వైస్‌లో పెట్టి తోకని మెల్లగా పైకి వంచాడు. ఆకురాయితో అంచు రెండు గీతలు గీశాడు. మళ్లీ చూశాడు. మళ్లీ గీశాడు. ఆరుసార్లు లోపలా బయటా. అత్తయ్య రెండుసార్లు వచ్చి కాఫీ చల్లారిపోతోందని చెప్పింది.

"ఒరే, టార్చి నా మొహం మీద కాదు, గుంటలో కొట్టు."

"కొడుతూనే ఉన్నా మావయ్యా, నీ చెయ్యే అడ్డం."

"అయితే నీ తప్పు కాదు. ఆ కూలరు చేసిందీ అదే."

ఉంగరం కూర్చుంది. ప్లగ్గు ముందు వేళ్లతోనే తిప్పి, మర సాఫీగా పట్టిందని తేలాకే పానా వేశాడు. ప్లగ్గు తొడుగు చుట్టూ ఉండే రబ్బరు బిళ్లని మళ్లీ రేకు కన్నంలో గట్టిగా నొక్కి కూర్చోబెట్టాడు, తీగ దాని అంచున సన్నటి గాటులోంచి బయటికి వచ్చేలా. ఆ కన్నం తెరిచి వదిలేస్తే గాలి అక్కడే కారిపోతుంది. జ్వరం చూడబోయి జ్వరం తెప్పించినట్టవుతుంది. రబ్బరు దగ్గర ఆయన ఇంకోసారి పొరబాటు చేయడు.

ఈ ఉంగరం చెప్పేదంతా వేదమేం కాదు. ప్లగ్గు కింద ఉంటుంది కనక కాస్త గాలి దానికీ తగులుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర అసలు మంట ఇంకా ఎక్కువే ఉంటుంది. ముల్లు ఎంత చూపించిందన్న దానికంటే నిన్నటికంటే ఎంత మారిందన్నదే ముఖ్యం. అయినా బీటిల్ పెట్టుకున్నవాళ్ల మధ్య ఒక లెక్క నడుస్తోంది. 150కీ 200 సెల్సియస్‌కీ మధ్య ఉంటే నిశ్చింత. 230 దగ్గర పడితే కాలు తియ్యాలి.

ఆ అంకెలే ఈ గాలి ఇంజన్ల వంశాన్ని చంపాయి. ఈ మాట విడమరిచి చెప్పాలి.

ఈ ఇంజను పుట్టుకే మంచి గడియలో జరగలేదు. 1930లలో ఫెర్డినాండ్ పోర్షె దగ్గర పనిచేసే ఫ్రాంజ్ రైమ్‌స్పీస్ గీసిన బొమ్మ అది. జర్మనీలో మామూలు మనిషికి షెడ్డుండదు, చలికాలం రాత్రి కారు వీధిలోనే ఉంటుంది, నీళ్లుంటే గడ్డకట్టి ఇంజను పగులుతుంది, కాబట్టి నీళ్లే వద్దన్నారు. అడిగింది హిట్లర్. 1938లో ఫాక్టరీకి పునాది రాయి వేసి, వారం వారం స్టాంపులు అంటించుకుంటే కారిస్తామని జనం దగ్గర డబ్బు వసూలు చేశారు. 3 లక్షల 36 వేల మందికి పైగా కట్టారు. ఆ పథకం కింద ఒక్కడికీ కారు అందలేదు. కట్టినవాళ్లకి కాదు గానీ, అదే ఇంజను వేసిన సైన్యం బళ్లు ఎడారికి పోయాయి. నీళ్లు దొరకని చోట నీళ్లు అడగని ఇంజను. ఫాక్టరీలో బలవంతంగా తెచ్చిన కూలీలు పనిచేశారు. ఆ పాపం ఇంజనుది కాదు, కానీ ఆ నీడలోంచే అది బయటికి వచ్చింది.

యుద్ధం అయ్యాక బాంబులు పడ్డ ఆ ఫాక్టరీని బ్రిటిష్ సైన్యంలో మేజర్ ఐవన్ హర్స్ట్ నిలబెట్టాడు. తర్వాతి కథ అందరికీ తెలిసిందే. ఎండకి కాగని కారు, చలికి గడ్డకట్టని కారు. 1972 ఫిబ్రవరిలో ఫోర్డ్ మోడల్ టీ పేరిట ఉన్న రికార్డుని దాటి, 1 కోటి 50 లక్షల పైచిలుకు దగ్గర ప్రపంచంలో అందరికంటే పైన కూర్చుంది. మావయ్య ఓక్లహోమాలో దిగిన ఏడాది అది. శిఖరం మీద ఉన్న బండిని కొనుక్కున్నానని ఆయన అనుకున్నాడు. అవతలి పక్క దిగుడే ఉందని ఎవరికి తెలుసు?

అమెరికాలో 1970లో గాలి శుభ్రత చట్టం వచ్చింది. పొగ గొట్టంలోంచి ఏమేం వస్తున్నాయో లెక్క చెప్పమంది. ఇక్కడే గాలి ఇంజను నోరు మూతపడింది. నీళ్లున్న ఇంజనులో థర్మోస్టాట్ నీటిని ఒక మట్టం దగ్గర పట్టి ఉంచుతుంది. బయట మంచు కురిసినా, ఎండ మండినా, కొండెక్కినా దిగినా లోపలి వేడి పెద్దగా మారదు. అలాంటి స్థిరమైన చోట పెట్రోలూ గాలీ పాళ్లు సన్నగా కొలిచి మండించవచ్చు. బీటిల్ హెడ్ అలా కాదు. దిగుడులో ఒక వేడి, ఎక్కుడులో ఒక వేడి, ఎదురుగాలిలో ఇంకో వేడి. నాలుగు సిలిండర్లలో నాలుగు రకాల వాతావరణం. వేడికి వ్యాకోచించే చోటుకని లోహాల మధ్య సందులు ఎక్కువ వదలాలి, ఆ సందుల్లోంచి నూనె మంటలోకి జారుతుంది. ఇదివరకు దీనికో చిట్కా ఉండేది. అవసరానికి మించి పెట్రోలు పోస్తే ఆ మిగులు పెట్రోలే ఆవిరై లోపల చల్లబరిచేది. చట్టం ఆ మిగులు పెట్రోలునే వద్దంది. పెట్రోలు తగ్గిస్తే మంట ఇంకా వేడెక్కింది. వేడెక్కితే మూడోవాడు ముందు పోయాడు.

తమాషా ఏంటంటే, 1968 మోడల్‌గా వచ్చిన ఫోక్స్‌వాగన్ టైప్ 3 కారుకీ, ఆ తర్వాత 1975లో అమెరికా బీటిల్‌కీ పెట్రోలు ఇంజెక్షన్ పెట్టినప్పుడు హెడ్‌లోకి ఒక ఉష్ణోగ్రత సెన్సర్ దిగింది. కంపెనీయే పెట్టింది. కానీ అది చెప్పే కబురు ఎలక్ట్రానిక్ పెట్టెకి పోయేది. చల్లగా ఉన్న ఇంజనుకి పెట్రోలు ఎక్కువ పంపాలా వద్దా అన్నంత వరకే దాని పని. తోలేవాడికి మాత్రం అవే రెండు దీపాలు.

అమెరికాలో ముల్లు పెట్టినవాళ్లు లేకపోలేదు. షెవర్లే కోర్వేర్‌కి వెనక ఆరు సిలిండర్ల గాలి ఇంజను. 1962లో వచ్చిన మోంజా స్పైడర్ అనే ఉషారైన రకంలో హెడ్ వేడి చూపించే మీటరు డ్యాష్‌బోర్డు మీదే ఉండేది. తన జ్వరం తానే చెప్పుకోగల కారు. అది పోయింది జ్వరంతో కాదు. వెనక చక్రాలు మలుపులో మడతపడతాయని 1965లో రాల్ఫ్ నేడర్ పుస్తకం రాశాడు, బేరాలు కూలిపోయాయి. 1969 మే 14న ఆఖరి కోర్వేర్ వచ్చింది.

కానీ ఈ పతనంలో నన్ను పట్టి ఉంచే మనిషి జర్మనూ కాదు, అమెరికనూ కాదు. సొయిచిరో హోండా.

మోటారు సైకిళ్లతో లోకాన్ని గెలిచినవాడు. ఆయన పెట్టిన వాదం వినడానికి ఎంత బాగుంటుందంటే, ఇప్పటికీ నేను దానికి తల ఊపుతాను. నీళ్లు ఇంజనుని చల్లబరుస్తాయి సరే, ఆ నీళ్లని చల్లబరిచేది చివరికి గాలే కదా, అలాంటప్పుడు మధ్యలో నీళ్లెందుకు? ఎదురు చెప్పడానికి నోరు రాని తర్కం. కంపెనీలో కుర్ర ఇంజనీర్లు చాలామందికి అది తప్పని తెలుసు. చెప్పారు కూడా. ఆయన వినలేదు.

1968లో గాలితో చల్లబడే ఫార్ములా వన్ కారు చేయించాడు. పేరు ఆర్.ఏ. 302. హోండా తరఫున తోలే జాన్ సర్టీస్ దాన్ని నడిపి చూసి, ఇది పందేనికి పనికిరాదని పక్కన పెట్టాడు. అయినా జులై 7న ఫ్రాన్స్‌లోని రువాన్‌లో దాన్ని బరిలోకి దించారు. తోలింది జో ష్లెసర్ అనే ఫ్రెంచి డ్రైవరు. వానకి తడిసిన దారి, మొదట్లోనే గట్టుకి కొట్టుకుంది. మెగ్నీషియం బాడీ, నిండా పెట్రోలు. ష్లెసర్ కాలిపోయాడు. అదే పందెంలో సర్టీస్ నీళ్ల ఇంజను హోండా మీద రెండో స్థానంలో వచ్చాడు.

అప్పటికైనా ఆగలేదు. 1969లో హోండా 1300 అనే కారు వచ్చింది. సిలిండర్ గోడల లోపలి నుంచి కూడా గాలిని తోసే ఏర్పాటు, ఇంజను నిండా అచ్చుపోసిన దారులు. 1298 సీసీలోంచి 100 గుర్రాల బలం తీశారు, ఆ రోజుల్లో అది విడ్డూరం. కానీ నీళ్లు వద్దనుకున్నందుకు అల్యూమినియం మోయాల్సి వచ్చింది. ఇంజను బరువెక్కింది, ఖర్చెక్కింది. ముందు బరువైన కారు మలుపు తిరగనని మొండికేసింది. మధ్యలో నీళ్లెందుకన్నవాడి ఇంజను నీళ్ల ఇంజను కంటే చిక్కుల మారిదైంది.

ఆ తర్వాత ఏం జరిగిందో హోండా కంపెనీయే తన చరిత్రలో చెప్పుకుంటుంది. లెక్కలూ వ్యాపారమూ చూసే తకేయో ఫుజిసవా, ఎన్నో ఏళ్ల సావాసంలో యంత్రాల జోలికి రాని మనిషి, ఈసారి నోరు విప్పాడు. నువ్వు ఈ కంపెనీకి అధ్యక్షుడిగా ఉంటావా, ఇంజనీరుగా ఉంటావా అని అడిగాడు. అధ్యక్షుడిగానే ఉండాలేమో అన్నాడాయన. అయితే నీళ్ల ఇంజను చేయనిస్తావు కదా అన్నాడు ఇతను. ఆయన ఒప్పుకున్నాడు. ఆ నీళ్ల ఇంజనుతో 1972లో సివిక్ కారు వచ్చింది, అమెరికా చట్టాన్ని నెగ్గిన సి.వి.సి.సి. ఇంజను వచ్చింది, కంపెనీ బతికింది. మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి కుర్చీలు వదిలి ఇంటికి వెళ్లిపోయారు.

మావయ్య దగ్గర ఈ కథ చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తీగని తలుపు అంచు కింద నొక్కి పెడుతూ, "ఆ కుర్రాళ్లు మాత్రం ఏమన్నా సంతోషించి ఉంటారంటావా?" అన్నాడు.

ఫోక్స్‌వాగన్ 1974లో నీళ్ల ఇంజనుతో గోల్ఫ్ తెచ్చింది. అదే ఏడాది కంపెనీ నష్టాల్లో మునిగి ఉంది. అదే ఏడాది మావయ్య మూడో వాల్వు ఫ్లాగ్‌స్టాఫ్ ఎక్కుడులో విరిగింది. 1978 జనవరిలో జర్మనీలో ఎమ్డెన్ ఫాక్టరీ ఆఖరి బీటిల్‌ని పంపేసింది. పుట్టింటివాళ్లు చేతులెత్తేశాక అది మెక్సికోలో బతికింది. అక్కడ దాని ముద్దుపేరు వోచో. మెక్సికో నగరంలో టాక్సీల్లో చాలావరకు అవే ఉండేవి, ఆకుపచ్చ రంగువి. ఎక్కడానికి వీలుగా ముందు పక్కసీటు పీకేసి ఉండేవి. చివరికి నాలుగు తలుపులున్న టాక్సీలే కావాలని ఊరి పెద్దలన్నారు, జనం కొత్త కార్ల వైపు చూశారు. 2003 జులై 30న ప్వేబ్లా ఫాక్టరీలో ఆఖరి బండి దిగింది. లేత నీలం రంగు. లెక్కలో అది 2,15,29,464వది. బొకేలు కట్టి, మరియాచీ పాటగాళ్ల చేత పాడించి, పడవెక్కించి జర్మనీలో మ్యూజియానికి పంపించారు.

మిగిలినవి కూడా ఎన్నాళ్లో నిలవలేదు. పోర్షె 911 అప్పటికే 1998లో గాలి వదిలి నీళ్లకి పోయింది. బ్రెజిల్‌లో కొంబి వ్యాను 2005 చివరి దాకా లాక్కొచ్చింది. ఫోక్స్‌వాగన్ ఇళ్లలో గాలి ఇంజను పొయ్యి ఆరింది అక్కడే.

సాయంత్రం బండి బయటికి తీశాం. మీటరు స్టీరింగు పక్కన, చిన్న గుండ్రటి బిళ్ల. నీడ పట్టునే 38 డిగ్రీలున్న డాలస్ ఎండ ఇంకా తగ్గలేదు. మావయ్య తోలుతున్నాడు గానీ దారికంటే ముల్లునే ఎక్కువ చూస్తున్నాడు. వీధుల్లో 150. పెద్ద రోడ్డెక్కగానే 170, 180. దూరంగా ఒక ఫ్లైఓవరు. ఆ ఊళ్లో అంతకంటే పెద్ద ఎక్కుడు లేదు. సగం ఎక్కేసరికి 195. ఆయన కాలు తీయలేదు. 205. నాకు నోరెండుతోంది. పైకి చేరి దిగుడులో పడగానే కాలు తీశాడు, ముల్లు నెమ్మదిగా వెనక్కి జారింది.

"చూశావా," అన్నాడు. "ఆ రోజు కూడా ఇలాగే చెప్పే ఉంటుంది రా ఇది. పది మిల్లీవోల్టులు. నాకు వినబడలేదంతే."

ఇంటికొచ్చి వాకిట్లో ఇంజను ఆపాడు. ఫ్యాన్ నిలిచిపోయింది. ముల్లు పడిపోతుందనుకుని నేను తలుపు తీశాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంజను ఆగినా వేడి ఆగదు, తోసే గాలి లేదు కనక కాసేపు ఎక్కడిదక్కడే పేరుకుంటుందట. ముల్లు మెల్లగా పైకే పోతోంది. 165. 170. వెనక ఎక్కడో రేకులు చల్లారుతూ టిక్కుటిక్కుమంటున్నాయి. లోపలి నుంచి అత్తయ్య అన్నానికి రమ్మని పిలిచింది.

"వస్తున్నాం," అన్నాడు మావయ్య. కదల్లేదు. చీకటి పడేదాకా ఇద్దరం ఆ బిళ్ల వైపే చూస్తూ కూర్చున్నాం.